గిన్నె మీద చెయ్యి పెట్టని మంచవ్వ

ఒకప్పుడు, కొండమీది మంచుకి మెత్తబడటమంటే ఏమిటో తెలియని రోజుల్లో, హిమాలయాల్లో ఒక చిన్న ఊరుండేది. మన దగ్గర ఎండలు మొదలయ్యే వేళకి అక్కడ వసంతం వచ్చేది. వచ్చి ఏం లాభం? కొండంతా పరుచుకుని కూర్చున్న మంచవ్వ పొద్దున చూసినా రాతిరోలే, మధ్యాహ్నం చూసినా రాతిరోలే. ఎండాకాలం నడిమికి గానీ ఒక చుక్క రాల్చేది కాదు.

గాలిమామ సంగతి ఇంకో రకం. ఆయనకి వేళాపాళా లేదు. పొద్దున్నే వచ్చి టోపీలు ఎగరగొట్టేవాడు, తిండి వేళకి వచ్చి కంచాల్లో దుమ్ము పోసేవాడు. ఇదేమిటని అడిగితే "నా కొండ, నా ఇష్టం" అనేవాడు.

ఆ ఊళ్ళో ఛోరోల్ అనే పిల్ల ఉండేది. కాళ్ళకి రెండు పొడుగుచెక్కలు కట్టుకుని కొండమీంచి జారడమంటే దానికి ప్రాణం. కానీ ఆ గట్టి మంచుమీద జారడమంటే మాటలా? సర్రుమని రెండు బారలు పోయేది, అంతే, ఛోరోల్ ఒకవైపు, చెక్కలు ఒకవైపు. దాని మోకాళ్ళ మీద చోటు మిగిలితే కదా కొత్త దెబ్బ తగలడానికి.

దెబ్బలు సరే, మానిపోతాయి. అసలు బాధ వేరే ఉంది. ఆ ఊళ్ళో వాన పడదు. మంచు కరిగితేనే వాగు, వాగు పారితేనే బార్లీ చేలకి నీళ్ళు. ఆ ఏడు ఛోరోల్ వాళ్ళ నానమ్మ విత్తనాలు చల్లి, వాగు వైపు చూస్తూ గట్టుమీద కూర్చుంది. వాగులో చుక్క లేదు. "ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే విత్తనాలు పిట్టల పాలే" అంది.

ఆ మాట ఛోరోల్‌కి గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే కెటిల్ నిండా ఉప్పు చాయ్ కాచుకుని, ఒక గిన్నె పట్టుకుని కొండెక్కింది. ఉప్పు చాయ్ అనగానే మొహాలు అలా పెట్టకండి. అక్కడ చాయ్‌లో ఉప్పూ వెన్నా వేసుకుంటారు. మనం మజ్జిగలో ఉప్పు వేసుకోమూ?

"మంచవ్వా, చాయ్ తాగుతావా?" అంది ఛోరోల్.

మంచవ్వ అనుమానంగా చూసింది. "తొక్కేవాళ్ళే గానీ, నన్ను ఇంతవరకూ ఈ మాట అడిగినవాళ్ళు లేరే. గిన్నెలో పొయ్యవే, చూద్దాం."

ఒక గుక్క తాగింది. "వెచ్చగా ఉందే" అని నవ్వింది. ఛోరోల్ మళ్ళీ గిన్నె నింపింది.

ఇక్కడో ఆచారం చెప్పాలి. ఆ ఊళ్ళో చుట్టం ఒక గుక్క తాగగానే ఇంటివాళ్ళు గిన్నె మళ్ళీ నింపేస్తారు. గిన్నె వెలితిగా కనిపిస్తే ఇంటికే తలవంపులు. చాలు అనిపిస్తే చుట్టం నోటితో చెప్పకూడదు, గిన్నె మీద అరచెయ్యి మూయాలి. అంతవరకూ పోస్తూనే ఉంటారు. ఊళ్ళో పసిపిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు. అందరికీ తెలిసిందే కదా అని ఛోరోల్ మంచవ్వకి చెప్పలేదు.

కెటిల్ ఖాళీ అయింది. మంచవ్వ గిన్నె చాపే ఉంది. పైనుంచి సూరీడు చూశాడు. ఆయనా ఆ ఊరివాడేనాయె. "చుట్టం గిన్నె వెలితిగా ఉంచుతామా తల్లీ? ఉండు, నేను పోస్తా" అని తన వెచ్చదనమంతా ధారకట్టి పోశాడు.

మంచవ్వ తాగింది, తాగి మెత్తబడింది. గట్టి పెచ్చు విడిపోయి పైన మంచంతా మన ఉప్మారవ్వలా అయింది. ఛోరోల్ చెక్కలు కట్టుకుని జారింది. అబ్బ, ఏం జారుడు! ఎటు వంగితే అటు తిరిగాయి చెక్కలు. కింద వాగు గలగలమంది. నానమ్మ పార భుజాన వేసుకుని చేలోకి పరుగెత్తింది.

అక్కడితో ఆగితే బాగుండును. సూరీడు ఆగడు, మంచవ్వ వద్దనదు. పోసేవాడికి మర్యాద, తాగేదానికి మొహమాటం. మధ్యాహ్నం దాటేసరికి మంచవ్వ జావైపోయింది. ఛోరోల్ నడుం దాకా కూరుకుపోయింది. పై అంచునుంచి పెద్ద మంచు ముద్ద దభీమని జారి గొర్రెల దొడ్డిని కప్పేసింది. గొర్రెలు మేతకు పోయాయి కాబట్టి సరిపోయింది. వాగు పొంగి చేలగట్లు తెంపుతోంది.

"ఛోరోలూ, నా ఒళ్ళు నాకు తెలియడం లేదే" అంది మంచవ్వ నీరసంగా. "పొద్దుగూకేదాకా ఉండను గాబోలు."

ఛోరోల్ ఎలాగో మంచులోంచి పైకి లేచింది. అవ్వ ఈ ఒక్కరోజే కరిగిపోతే ఎండాకాలమంతా వాగులో ఏం పారుతుంది? పైగా పిలిచి పోసింది తనేనాయె.

"సూరీడూ, ఇంక చాలు" అని అరిచింది.

"చాలని నువ్వంటే ఎలాగమ్మా? తాగే మనిషి గానీ, ఆ మనిషి తాలూకు వాళ్ళు గానీ గిన్నె మూయాలి" అన్నాడు సూరీడు.

"అవ్వా, గిన్నె మీద చెయ్యి పెట్టు."

"ఏ చెయ్యి పెట్టనే? రెండూ కరిగిపోయాయి."

అయితే అవ్వ తాలూకు వాళ్ళది ఇంకో చెయ్యి కావాలి. ఎండకి కరగని చల్లటి చెయ్యి కావాలి. ఛోరోల్ పాక్కుంటూ, పడుతూ లేస్తూ రెండు కొండల నడుమ కనుమ దాకా ఎక్కింది. అక్కడ గాలిమామ అటు తిరిగి మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

"మామా, ఒకసారి రావా" అంది.

"ఇప్పుడు గుర్తొచ్చానా? కొండంతా చాయ్ తాగుతోంది. నన్ను ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు."

"పిలవకపోవడం నా తప్పే. నువ్వొస్తే టోపీలు పోతాయని భయపడ్డా. కానీ అవ్వ పోతోంది మామా" అంది ఛోరోల్. ఇంక ఆపుకోలేక ఏడ్చేసింది.

గాలిమామ ఇటు తిరిగి చూశాడు. ఆయన పుట్టి పెరిగింది ఆ అవ్వ ఒళ్ళోనే. "తప్పుకో" అన్నాడు, ఝుమ్మని దిగాడు, తన చల్లటి అరచెయ్యి గిన్నె మీద మూశాడు.

సూరీడు పొయ్యడం ఆపేశాడు. ఆచారం ఆచారమే మరి. పడమటి కొండ దిగిపోయాడు.

మర్నాడు తెల్లారకముందే ఛోరోల్ బిక్కుబిక్కుమంటూ కొండ దగ్గరికి వెళ్ళి, కాలితో మెల్లగా తట్టి చూసింది. ఠంగుమంది. మంచవ్వ కాస్త చిక్కింది గానీ, రాత్రి చలికి బిగుసుకుని మళ్ళీ రోలే.

"తొక్కింది చాలు గానీ, చాయ్ ఏదే?" అంది మంచవ్వ.

కనుమలోంచి గాలిమామ గొంతు వినిపించింది. "పొద్దున నేను రాను. అవ్వని తాగనీండి, మీరు ఆడుకోండి. మధ్యాహ్నం వచ్చి గిన్నె మూస్తా. అప్పటికి అందరూ ఇళ్ళకి చేరాలి. టోపీల పూచీ మాత్రం నాది కాదు."

అప్పటినుంచే వసంతం వస్తే కొండమీద మంచు తెల్లవారుజామున రోలులా బిగుసుకుని ఉంటుంది, ఎండెక్కాక రవ్వరవ్వగా విడుతుంది. చెక్కలు కట్టుకుని జారేవాళ్ళకి అదే పండగ. అది జావ కాబోతోందనగా కనుమలోంచి ఝుమ్మని గాలి లేస్తుంది. "గాలిమామ గిన్నె మూస్తున్నాడు, పదండి" అని అందరూ చెక్కలు విప్పుకుని ఇంటిదారి పడతారు. పిలవని ఆ ఒక్కరోజు మామకి ఇంకా గుర్తున్నట్టుంది. దిగేటప్పుడు ఎవరిదో ఒకరి టోపీ పట్టుకుపోతూనే ఉంటాడు.