సుంకమ్మ చార

అనగనగా, ఏరు ఇంకా ఏ దోవన పారాలో తేల్చుకోని కాలంలో, దాని ఒడ్డున ఏటివంపు అనే ఊరు ఉండేది. ఆ ఊళ్లో సుంకమ్మ అనే మనిషి ఉండేది. మనిషి అన్న మాట మరిచిపోకండి. ఆ మాట కోసమే ఈ కథ.

సుంకమ్మ కాళ్లు పుట్టుకతోనే చచ్చుబడి ఉన్నాయి. అరచేతులు నేలకు ఆనించి, ఒళ్లు ముందుకు లాక్కుంటూ దేకేది. ఆమె పోయిన దోవలో పొడుగాటి చార పడేది. నడుమ చార, దానికి అటూ ఇటూ అరచేతుల అచ్చులు. దుమ్ములో ఆ చార చూసి ఆమె ఏ ఇంటికి పోయిందో ఊరంతా చెప్పగలిగేది.

ఆమె పొయ్యిలు వేసేది. మట్టిని లోకమంతా కాళ్లతో తొక్కుతుంది. సుంకమ్మ పిడికిళ్లతో పిసికేది. ఏటివంపులో ఆమె వేయని పొయ్యి లేదు. ఆ పొయ్యిల మీద ఉడికిన సంకటి తిననివాడు లేడు. అయినా ఆమెను సుంకమ్మ అని పిలిచినవాడూ లేడు. అందరికీ ఆమె కుంటి సుంకి.

ఆమె ఒక్కతే కాదు. బుట్టలు అల్లే కదిరప్పకు చూపు లేదు. అతను గుడ్డి కదిరిగాడు. బట్టలుతికే పోలమ్మకు వినికిడి లేదు, మాట లేదు. ఆమె మూగ పోలి. గొర్లు కాసే తిమ్మన్నకు వీపు వంగిపోయింది. అతను గూని తిమ్మడు. అమ్మానాన్నలు పెట్టిన పేరుకు ముందు ఊరు ఇంకో పేరు తగిలించింది. తగిలించిందే నిలిచింది, పెట్టిన పేరు అరిగిపోయింది.

ఇలా ఉండగా మూడేళ్లు వరసగా ఏరు ఊరి మీదికి వచ్చింది. మొదటి ఏడు చేలు పోయాయి. రెండో ఏడు గొడ్లు పోయాయి. మూడో ఏడు ఇళ్లు పోయాయి. ఇక పల్లంలో బతకలేమని, ఎగువనున్న ఎర్రమిట్ట మీదికి ఊరు కదలాలని తేల్చారు. మిట్ట మీదికి ఒకటే దోవ. రెండు పెద్ద బండరాళ్ల నడుమ, ఒక్క బండి పట్టేంత సందు.

ఊరిపెద్ద చెన్నప్ప టముకు వేయించాడు. తలారి వీధి వీధినా కొట్టి చెప్పాడు.

"వినండహో! మిట్ట దోవలో తడిమట్టి పరుస్తాం. ఎవరంతట వాళ్లు దాని మీద రావాలి. ఎవరి అడుగు మట్టిలో పడుతుందో వాళ్లకు ఇంటిజాగా, బావినీళ్లలో వంతు, కూటంలో మాట. చంకబిడ్డలకు తల్లి అడుగే అడుగు. తోపులాట ఉండకూడదు. మట్టిలో ఉన్న మనిషిని ఇంకొకరు తాకితే ఇద్దరి జాగా పోతుంది!"

టముకు అక్కడితో ఆగి ఉంటే ఈ కథ పుట్టేదే కాదు. తలారి ఇంకో దెబ్బ కొట్టి ఇంకో మాట అన్నాడు.

"కొత్త ఊరికి మచ్చ పడకూడదు. అవిటివాళ్ల అడుగు పడితే ఊరు అచ్చిరాదు. ఆ నలుగురూ ఏటి ఒడ్డునే ఉంటారు. రోజుకొక పూట కూడు పంపిస్తాం!"

ఏ ఒడ్డున? ఏరు వచ్చే ఒడ్డున.

ఆ మధ్యాహ్నం సుంకమ్మ తమ్ముడు ఓబులేసు వచ్చి అక్క ముందు కూర్చుని తల గోక్కున్నాడు.

"నేనే తెచ్చి పెడతాలే అక్కా. రోజూ వస్తా."

"ఏరొచ్చిన రోజు కూడా వస్తావా?"

ఓబులేసు తల దించుకున్నాడు.

"కూడు పెడతామన్నారు. వంతు పెడతామన్నారా?"

"నన్నేం చెయ్యమంటావక్కా? ఎదురు చెప్తే నా జాగా పోతుంది. పిల్లలు గలవాణ్ణి."

"నిన్నేమీ చెయ్యమనలేదులే. దోవలో పరిచే మట్టి పిసికే పని ఎవరికిచ్చినారు?"

ఓబులేసు తల ఇంకా దించుకున్నాడు. "నీకే."

సుంకమ్మ నవ్వింది. ఏడ్చే బదులు నవ్వే అలవాటు ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉంది.

మూడు దినాలు మట్టి పిసికింది. గడ్డలు నలిపింది, రాళ్లు ఏరింది, వెన్నలా చేసింది. నాలుగో నాడు పొద్దు పొడిచేసరికి మట్టి రెండు బండల నడుమ నున్నగా పరిచి ఉంది. కింద డప్పులు మోగుతున్నాయి. బండ్లు, గంపలు, కోళ్లు, కుక్కలతో ఊరు ఊరంతా వాలు ఎక్కి వస్తోంది.

సుంకమ్మ మట్టిలోకి దిగింది. ఈ చివరి నుంచి ఆ చివరికి దేకింది. వెనక చార పడింది.

చెన్నప్ప వచ్చి చూశాడు. "ఏందిది, పాము పాకినట్టు? ఇది అడుగు కాదు" అన్నాడు. తలారి చెక్కతో మట్టి చదును చేశాడు. చార పోయింది.

సుంకమ్మ ఆ చివరి నుంచి ఈ చివరికి దేకింది. చార పడింది. "ఇది అడుగు కాదు" అన్నాడు చెన్నప్ప. తలారి చదును చేశాడు. చార పోయింది.

మూడోసారి సుంకమ్మ మట్టిలోకి దిగింది. నడిమి దాకా పోయింది. అక్కడ ఆగింది. దోవకు అడ్డంగా, ఈ బండకు తల, ఆ బండకు కాళ్లు ఆనేట్టు వెల్లకిలా పడుకుంది.

"లెయ్యే సుంకీ!" అన్నాడు చెన్నప్ప. ఆమె పలకలేదు.

"ఒసే కుంటీ! చెవులు కూడా పోయినాయా?" అన్నాడు తలారి. ఆమె పలకలేదు.

చెన్నప్ప పళ్లు నూరాడు. "సుంకమ్మా!"

"ఆ, చెప్పు పెద్దాయనా" అని పలికింది.

"దోవకు అడ్డమొచ్చినావు."

"అడ్డమేముంది? నేను మనిషినైతే నా చార మట్టిలో ఉండనీ. మనిషిని కాకపోతే దాటిపో."

డప్పులు ఆగిపోయాయి.

ఆ సీమలో పడుకున్న మనిషిని ఎవరూ దాటరు. పెళ్లింట్లో నూరుమంది చాపల మీద పడి నిద్రపోతున్నా, గోడ పట్టుకుని చుట్టూ తిరిగి పోతారు. పొరపాటున పసిబిడ్డను దాటితే, మళ్లీ వెనక్కి దాటి తప్పు దిద్దుకుంటారు. కొయ్యను దాటొచ్చు. రాయిని దాటొచ్చు. చచ్చిన గొడ్డును దాటొచ్చు. మనిషిని దాటకూడదు.

"లాగి పక్కన పారేద్దామా?" అని తలారి చేతులు చాచాడు.

"రా నాయనా, తాకు" అంది సుంకమ్మ. "ఇద్దరి జాగా పోతుందని నువ్వే కదా టముకు కొట్టింది? నాకెట్లాగూ లేదు. పోయేది నీదొక్కటే."

తలారి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

జనంలో నుంచి ఎవరో గొణిగారు. "పోయిన జన్మలో ఏం పాపం చేసిందో, ఇట్లా పుట్టింది."

"పోయిన జన్మలో నువ్వు మా పక్కింట్లో ఉన్నావా? అంత బాగా తెలుసే!" అంది సుంకమ్మ, తల తిప్పకుండానే.

చెన్నప్ప గొంతు తగ్గించాడు. "సరేలే. ఒక పూట కాదు, రెండు పూటలా కూడు పంపిస్తాం. లెయ్యి."

"మీ కుక్కకూ రెండు పూటలే పెడతారు. పైగా అది మీ వెంట మిట్ట ఎక్కుతోంది."

అప్పుడు గంప నెత్తిన పెట్టుకున్న ఒక ఇల్లాలు ముందుకొచ్చింది. "ఆమెను రానీ చెన్నప్పా. కొత్త ఇళ్లలో పొయ్యిలు ఎవరు వేస్తారు? పనికొచ్చే మనిషి."

"నీ కడుపు చల్లగుండ అత్తా, ఆ మాట వద్దు" అంది సుంకమ్మ. "పనికొస్తానని రానియ్యొద్దు. రేపు నా చేతులు కూడా పడిపోతే మళ్లీ ఏటికి తోలుతారా? మామ పొద్దంతా తిని పడుకుంటాడు కదా, ఆయన ఏ పనికొస్తాడని వెంట తెచ్చుకున్నావు?"

అత్త నోరు నొక్కుకుంది. జనం పగలబడి నవ్వారు. నవ్వనివాడు మామ ఒక్కడే.

చెన్నప్ప ముఖం కందగడ్డయింది. "కడసారి చెప్తున్నా. సగం వంతు ఇస్తాం. సగం జాగా, సగం నీళ్లు. అవిటిదానికి అదే ఎక్కువ."

"అంటే నేను సగం మనిషిని. సరే పెద్దాయనా. తల నుంచి నడుము దాకానా, నడుము నుంచి కాళ్ల దాకానా? ఏ సగం మనిషి కాదో చూపించు. ఆ సగం మీద నుంచి దాటిపో."

పొద్దు పైకొచ్చింది. బండ్ల ఎద్దులు కాళ్లు మార్చుకుంటున్నాయి. బిడ్డలు ఏడుస్తున్నారు. మట్టి అంచులు తెల్లబడి పగుళ్లిస్తున్నాయి. ఇంకాసేపుంటే ఎవరి అడుగూ పడదు. సుంకమ్మ వీపు కింద మట్టి బిగుస్తోంది. నాలుక పిడచకట్టింది. పైకి ఎంత గట్టిగా మాట్లాడినా లోపల ఒకటే మాట. దాటితే? ఒక్కడు దాటితే వెనక ఊరంతా దాటుతుంది. తను కొయ్యతో సమానమని కన్నబిడ్డల ముందు అందరూ ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత ఈ మట్టిలో నుంచి లేచినా ఒకటే, లేవకపోయినా ఒకటే.

అయినా కదల్లేదు. కళ్లు మూసుకోలేదు.

"దాటుతా!" అని అరిచాడు చెన్నప్ప. చెప్పులు విడిచాడు. పంచె ఎగగట్టాడు. కుడికాలు ఎత్తాడు, దించాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దించాడు. మూడోసారి ఎత్తాడు. ఆ కాలు సుంకమ్మ పొట్ట మీదుగా, ఆమె ముఖానికీ ఆకాశానికీ నడుమ వేలాడింది. అరికాలి పగుళ్లు కూడా ఆమెకు కనిపించాయి.

"ఒరే చెన్నప్పా!" అని ఒక కేక లేచింది. అది చెన్నప్ప తల్లి. కర్ర పట్టుకుని, రెండు అడుగులకొకసారి ఆగుతూ అప్పుడే పైకి వచ్చిన ముసలవ్వ. "నీకేమన్నా మతిపోయిందా? మనిషిని దాటుతావేందిరా!"

చెన్నప్ప కాలు గాలిలోనే ఉండిపోయింది.

సుంకమ్మ మోచేతుల మీద లేచి జనం వైపు చూసింది.

"విన్నారా? అవ్వ నన్నేమన్నదో అందరూ విన్నారా?"

జనం తలలూపారు. చెన్నప్ప కాలు వెనక్కి తీసుకున్నాడు. "సరే" అన్నాడు నేల చూస్తూ. "నీ చార ఉంటుంది. నిండు వంతు. ఇక లెయ్యి."

సుంకమ్మ మళ్లీ పడుకుంది.

"ఇంకా ఏందే నీ బాధ?"

"మేము నలుగురం కదా. ఆ ముగ్గురూ యాడ?"

ముగ్గురూ కింద ఏటి ఒడ్డున ఉన్నారు. ఓబులేసు ఎవరూ చెప్పకుండానే వాలు దిగి పరుగెత్తాడు. కదిరప్పను ఒక చేత్తో, పోలమ్మను ఒక చేత్తో పట్టుకుని తెచ్చాడు. తిమ్మన్న గొర్లను తోలుకుంటూ వెనక వచ్చాడు. వాళ్లు వచ్చేదాకా ఊరంతా ఎండలో నిలబడింది. ఎవరో కుండెడు నీళ్లు తెచ్చి మట్టి మీద చిలకరించారు.

"సుంకమ్మా, యాడున్నావు?" అన్నాడు కదిరప్ప.

"నీ ముందరే. దాటేవు, జాగ్రత్త!"

"నాకు కనపడదు కదా. నేను దాటితే తప్పు లేదేమో!"

"కర్రతో తడుముకుని రా. ఎగతాళి తర్వాత."

అప్పుడు సుంకమ్మ లేచి కూర్చుని, దేకుతూ మట్టి దాటింది. ఎర్రమిట్ట మీద తొలి గుర్తు ఆమె చార. దాని పక్కన కదిరప్ప అడుగులు, వాటి వెంట కర్ర గుచ్చిన గుంటలు. ఆ పక్కన పోలమ్మవి, తిమ్మన్నవి. వాళ్ల వెనక అవ్వ వచ్చింది. మట్టి ముందర ఆగి, కర్ర పక్కన పెట్టి, చతికిలబడి కూర్చుంది.

"అమ్మా, లేమ్మా! నడువు!" అన్నాడు చెన్నప్ప.

"మోకాళ్లు నొప్పిరా. ఇదే సుఖంగా ఉంది" అని అవ్వ సుంకమ్మలాగే దేకుతూ పోయింది. ఊరిపెద్దను కన్నతల్లి చార కూడా ఆ మట్టిలో పడింది. దాన్ని చదును చేసే చెక్క ఏ తలారి దగ్గరా లేదు.

ఆ ఒక్క నాటితో లోకం మారిందనుకోకండి. మరునాడే బావి దగ్గర ఒకడు ఆమెను కుంటి అని పిలిచాడు. ఆమె పలకలేదు. బతికినన్నాళ్లూ పలకలేదు. పిలిచి పిలిచి వాళ్లకే నోరు నొచ్చింది. ఆమె వేయాలనుకున్న ఇంట్లో పొయ్యి వేసింది, వద్దనుకున్న ఇంట్లో మానేసింది. కూటంలో నేల మీద కూర్చుని మాట్లాడింది. నిలబడ్డవాళ్లు ఆమె మాట వినడానికి కూర్చోవాల్సి వచ్చింది.

సుంకమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. ఏరు కూడా దోవ మార్చుకుని ఎటో పోయింది. కానీ ఏటా తొలకరికి ముందు ఎర్రమిట్టవాళ్లు ఆ రెండు బండల నడుమ తడిమట్టి పరుస్తారు. నడవలేనివాళ్లు ముందు పోతారు. ఆ ఏడు అట్లాంటివాళ్లు లేకపోతే, ఊళ్లో అందరికన్నా పెద్ద పదవిలో ఉన్నవాడు నేల మీద కూర్చుని, పంచె ఖరాబైనా సరే, ఆ చివరి దాకా దేకాలి. దాన్ని సుంకమ్మ చార అంటారు. ఆ చార పడ్డాకే మిగతావాళ్లు అడుగు పెడతారు. కొత్త కోడలైనా, కొత్త అల్లుడైనా, పైనుంచి వచ్చిన ఏ అధికారి అయినా అంతే.

ఇప్పటికీ ఆ సీమలో ఒకరిని వదిలేసి వంతులు వేస్తుంటే, ఆ వదిలేసిన మనిషి ఏడవడు, బతిమాలడు. గడపకు అడ్డంగా పడుకుంటాడు. ఒకే మాట అంటాడు.

"దాటిపో మరి."

ఇంతవరకూ ఎవరూ దాటలేదట. ఈ కథ కూడా ఇక కంచికి బయలుదేరింది. దోవలో పడుకున్నవాళ్లుంటే ఆగి, లేపి, వెంటబెట్టుకుని పోతుంది. అందుకే చేరడానికి ఇంత కాలం పడుతోంది.