ఐరావతం కొలువుకి నడిచిన రోజు

అనగా అనగా, పల్లకీలకు తప్ప పాదాలకు మర్యాద లేని రాజ్యం ఒకటి ఉండేది.

ఆ రాజ్యంలో ధాన్యపు కొట్టుకి కాపలా ఒక కుక్క. కుక్కంటే ఏదో గడపలో పడుండే కుక్క కాదు. దూడంత ఎత్తు, అయిదు మణుగుల బరువు. పాలనురగలా తెల్లగా ఉండేది కనక రాజుగారే దానికి ఐరావతం అని పేరు పెట్టారు. అది కాపలా ఉన్నన్నాళ్లూ కొట్టులోంచి గుప్పెడు గింజ బయటికి పోలేదు. ఎన్నేళ్లు కాసిందంటారా? ఎనిమిదో, తొమ్మిదో. కథ చెప్పేవాడి జ్ఞాపకం కూడా ఐరావతం నడకలాంటిదే. ముందుభాగం బాగానే వస్తుంది, వెనకభాగమే రాదు.

పాపం, ఐరావతానికి తీరని జబ్బు చేసింది. మొదట కుండలకొద్దీ నీళ్లు తాగడం మొదలుపెట్టింది. తరవాత బొచ్చు ఊడింది. ఆ తరవాత వెనక కాళ్లలో సత్తువ పోయింది. లేవబోతే నడుం వాలిపోయేది. నాలుగడుగులు వేస్తే వెనక కాళ్లు రెండూ మెలికపడి కూలబడేది.

రాజవైద్యుడు వచ్చి చూశాడు. "ఇది తగ్గే జబ్బు కాదు. అలాగని ప్రాణం తీసే జబ్బూ కాదు. చూసుకునేవాళ్లుంటే ఇంకా కొన్నేళ్లు బతుకుతుంది" అని చెప్పి వెళ్లిపోయాడు. చూసుకోవడం తన పని అని మాత్రం చెప్పలేదు.

కొట్టు పక్కనే పల్లకీల సావడి. రాజ్యానికి మంత్రి అయిన ప్రెగ్గడగారి పల్లకి మోసే ఎనిమిదిమంది బోయీలు అక్కడే ఉండేవారు. వాళ్లలో ముందు వరస బోయీ పోలన్న. అతని మధ్యాహ్నపు అంబలిలో సగం ఎప్పుడూ ఐరావతానిదే.

ఒకనాడు పొరుగు రాజుగారి దూత వచ్చాడు. వచ్చినవాణ్ణి పలకరిద్దామని ఐరావతం లేచింది. లేచి తోక ఊపింది. తోక ఊపిన ఊపుకే నడుం తూలి, దబ్బున పడింది. దూత పకపకా నవ్వాడు.

ప్రెగ్గడగారికి తల కొట్టేసినట్టయింది. ఇంటికి పోతూ పోతూ, పల్లకి తెర తొలగించి, పక్కన పరుగెడుతున్న లేఖకుడితో అన్నాడు. "రాసుకో! రాజుగారి తిండి తినే ప్రతి పశువూ, వచ్చే పున్నమి కొలువుకి తన కాళ్ల మీద తానే నడిచి రావాలి. రాలేనిదాన్ని అడవిలో వదిలెయ్యాలి. తన కాళ్ల మీద తాను నిలబడలేనిదానికి ఈ రాజ్యంలో చోటు లేదు."

ఈ మాట ఎవరన్నారు? ఎనిమిదిమంది భుజాల మీద, పట్టు దిండుకి ఆనుకుని కూర్చున్న మనిషి!

పోలన్నకి అరికాలి మంట నెత్తికెక్కింది. పల్లకి అక్కడే పడేద్దామా అనిపించింది. పడెయ్యలేదు. ధర్మం అడ్డొచ్చి కాదు. పడితే ముందు తన కాలి మీదే పడుతుందని.

పున్నమికి పదిహేను రోజులుంది. అడవిలో వదిలితే ఐరావతం ఒక్క రాత్రి కూడా దాటదు. నక్కలు చుట్టుముడతాయి, లేచి పారిపోయే సత్తువ దానికి లేదు.

"నడిపించాలిరా దీన్ని" అన్నాడు పోలన్న తోటి బోయీలతో. తనకి తెలిసిన విద్య ఒక్కటే, ఎత్తడం. అందుకని రెండు వెదుళ్లు తెచ్చారు. మధ్యలో వల కట్టారు. ఐరావతాన్ని అందులో పడుకోబెట్టి, "ఓహోం!" అంటూ నలుగురూ భుజాలకెత్తారు. నాలుగు కాళ్లూ గాల్లో వేలాడుతుంటే ఐరావతం అవమానంతో కళ్లు మూసుకుంది. ఆపైన పోలన్న వీపు తడిపేసింది.

అప్పుడే అంబలి కుండతో పోలన్న పెళ్లాం నూకాలు వచ్చింది. ముందు కడుపుబ్బ నవ్వింది. తరవాత నడుం మీద చెయ్యి పెట్టింది.

"ఏటి మావా, అది కుక్కా, ప్రెగ్గడా? దాని ముందు కాళ్లు రోకళ్లలా ఉన్నాయి కదా, వాటినెందుకు వేలాడదీశావు?"

"ముప్ఫయ్యేళ్లుగా మోస్తన్నోడికి మోత నేర్పుతావేటే?"

"ముప్ఫయ్యేళ్లుగా నడవగలిగినోణ్ణి మోస్తన్నావు. నడవలేనిదాన్ని పట్టుకోడం నీకేం తెలుసు? అది నడిచినంత నడవనియ్యి. తూలినకాడ నువ్వు పట్టు."

బోయీలు ఏడుగురూ పోలన్న వంక చూసి మీసాల్లో నవ్వుకున్నారు.

"నిజమే. నా తెలివంతా భుజాల్లో ఉంది, తలలోకి ఎక్కడానికి కాలం పడుతుంది" అని పోలన్న తల గోక్కున్నాడు.

రెండోసారి ఐరావతం పొట్ట కింద మోకు తాడు వేసి, వెనక నుంచి పైకి పట్టాడు. మోకు ఒరుసుకుంది. పొట్ట నొక్కుకుని, తాగిన నీళ్లన్నీ కక్కేసింది.

మూడోసారి నూకాలు తన పాత నేతచీర తెచ్చింది. జానెడు వెడల్పున మడిచింది. వెనక తొడలకు కాస్త ముందుగా, పొట్ట కిందనుంచి వేసి, రెండు కొసలూ నడుం పైకి తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. "ఎత్తకు. పడకుండా చూడు, అంతే."

పోలన్న పట్టుకున్నాడు. ఐరావతం వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూసింది. ముందు కాలు వేసింది. వెనక కాలు నేలని రాసుకుంటూ వచ్చి ఆనింది. ఇంకో అడుగు. పల్లకి మోసేటప్పుడు అడుగు చెప్పేవాడు పోలన్న. ఇక్కడ అడుగు చెప్పేది ఐరావతం. "ఓహోం… ఓహోం…" అని అతను మెల్లగా వంత పాడాడు.

మొదటిరోజు పదడుగులు. మర్నాడు ఇరవై. మధ్యలో ఒకరోజు అసలు లేవనేలేదు. ఆ రోజు ఊరుకున్నారు. నడవనప్పుడు దాని కింద మెత్తటి గడ్డి పరిచారు. ఒకే పక్క పడుకుంటే పుండ్లు పడతాయని పూటకి నాలుగుసార్లు పక్క మార్చారు. కాళ్లు పిసికారు. తడిస్తే తుడిచారు. జబ్బు ఏమీ తగ్గలేదు. ఐరావతం మాత్రం తోక ఊపడం మళ్లీ మొదలుపెట్టింది.

పున్నమి వచ్చింది. కొలువు నిండింది. గుమ్మం దగ్గరకి వచ్చేసరికి పోలన్న చీర కొసలు బిగించి పట్టాడు. నిండు సభ కోసం రాతినేలకి మెరుగు పెట్టించాడు ప్రెగ్గడ. నేల అద్దంలా మెరుస్తోంది. ఐరావతం ఒక్క అడుగు వేసింది, గట్టివనుకున్న ముందు కాళ్లు కూడా జర్రున జారాయి.

"అయిపోయింది. అడవికి తోలండి!" అన్నాడు ప్రెగ్గడ.

అప్పుడు వెనకనుంచి ఒక తలగుడ్డ వచ్చి నేలమీద పడింది. దాని పక్కన ఇంకొకటి. ఏడుగురు బోయీలూ తలగుడ్డలు విప్పి, ఒకదాని తరవాత ఒకటి సింహాసనం దాకా పరిచారు. పోలన్న తనదీ విప్పి చివర వేశాడు. గుడ్డ మీద ఐరావతం గోళ్లు పట్టు దొరకపుచ్చుకున్నాయి. అడుగు పడింది.

"ఆగరా! ఆ చీరేమిటి? తన కాళ్ల మీద తానే రావాలని కదా ఆజ్ఞ!" అని అడ్డుకున్నాడు ప్రెగ్గడ.

పోలన్న చీర వదలకుండానే తల వంచాడు. "అయ్యా, చదువులేనోణ్ణి. ఉన్న తెలివి భుజాల్లో ఉంది, అదీ కాయకట్టిపోయింది. అందుకే అడుగుతున్నాను. ఐరావతానికి నాలుగు కాళ్లలో రెండే పనిచేస్తాయి, దానికో పాత చీర. తమకి రెండుకి రెండూ పనిచేస్తాయి, తమకి ఎనిమిదిమంది మనుషులు. ఎవరు ఎవరి కాళ్ల మీద వచ్చారో తమరే సెలవియ్యండి."

సభలో ఎవరో దగ్గు నటించారు.

"ఓరీ! నాకూ కుక్కకీ పోలికా?"

"ఎంతమాట! పోలికెక్కడిదయ్యా? అది నడిచి వచ్చింది."

ప్రెగ్గడ మొహం కందగడ్డ అయింది. "మహాప్రభూ, వీణ్ణి కట్టించండి!" అని అరిచాడు.

రాజుగారికీ కోపం వచ్చింది. బోయీవాడు నిండు కొలువులో మంత్రిని అంతమాట అంటాడా! తీర్పు చెప్పాలని లేచారు. రాజుగారిది భారీ శరీరం. అలవాటు ప్రకారం కుడిచెయ్యి పక్కనున్న సేవకుడి భుజం మీద వేసి లేచారు.

సభంతా ఆ చెయ్యి వంక చూసింది. కాసేపటికి రాజుగారూ చూసుకున్నారు.

ఈలోగా ఐరావతం ఆఖరి తలగుడ్డ కూడా దాటి, సింహాసనం మెట్టు దగ్గరకొచ్చి, రొప్పుతూ కూర్చుంది.

రాజుగారు సేవకుడి భుజం మీంచి చెయ్యి తియ్యలేదు. "ఇది తీస్తే నేను పడతాను" అన్నారు నిదానంగా. "కనక తియ్యను. ఆ చీర కూడా ఎవరూ తియ్యకూడదు. ఐరావతం కాపలా కాసిన కొట్టులోంచే, బతికినంతకాలం దానికి తిండి. ఆ ఆజ్ఞ చింపెయ్యండి."

ప్రెగ్గడ విసవిసా బయటికొచ్చి పల్లకిలో కూర్చున్నాడు. పల్లకి లేవలేదు.

"ఏమర్రా, ఎత్తరేం?"

"తలగుడ్డ మడిచి భుజాన వేసుకోకపోతే పల్లకి దండె ఒరుసుకుంటుందయ్యా" అన్నాడొక బోయీ, చేతులు కట్టుకుని. "మా గుడ్డలు లోపల పరిచి ఉన్నాయి. ఐరావతం తిరిగి రావాలి కదా. అది కాస్త మెల్లగా నడుస్తుంది. తమకి తొందరైతే, తమ కాళ్లు తమకున్నాయి."

ఎర్రటి ఎండ. ప్రెగ్గడ కాసేపు కూర్చున్నాడు. తరవాత చెప్పులు వెతుక్కున్నాడు.

కనక పిల్లలూ, నీతి ఏమిటంటే: ఎవరి భుజమో ఆనుకుని బతికేవాడు తూలేవాణ్ణి చూసి నవ్వకూడదు, సాయం చేసేవాడు నడవగలిగినంత నడవనిచ్చి, తూలినచోట పట్టుకోవాలి.