తాయారు పళ్ళకు కచ్చా కుట్టు

పాలకొల్లులో తాయారు అనే దర్జీ ఉండేది. ఎదుటివాళ్ళ గుడ్డ కత్తిరించడంలో ఆమెకు ఎంత నిదానమో, తన సొంత సంగతి వచ్చేసరికి అంత తొందర.

ఎవరైనా పట్టు జాకెట్టు కుట్టమని వస్తే ముందు ప్రశ్నలు మొదలుపెట్టేది. తడిపితే గుడ్డ కుంచించుకుపోతుందా? రంగు దిగుతుందా? రేపు ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి లోపల గుడ్డ వదలాలా? అన్నీ తేలాక పాత చీర ముక్కతో కచ్చా కుట్టు వేసి, తొడిగించి చూసేది. అది సరిపోయాకే అసలు గుడ్డ మీద కత్తెర పెట్టేది. "కత్తెర పడ్డ గుడ్డ మళ్ళీ అతకదమ్మా" అనేది.

ఇంత జాగ్రత్త గల మనిషి, కుట్టు పూర్తయ్యాక దారాన్ని మాత్రం పంటితో పుటుక్కున కొరికేది. ఇరవై ఏళ్ళ అలవాటు. దాంతో ముందు పంటికి నొక్కు పడింది. పక్క పన్ను పుట్టుకతోనే కాస్త ఎగుడు. వాటికి తోడు టీ మరకలు. అందుకే నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది, ఫోటో అంటే నోరు బిగించేది. కొత్త కొట్టు తెరుస్తూ ఫ్లెక్సీ కోసం ఫోటో తీయించుకుంటే, అందులో ఆమె, కొట్టుకు వచ్చినవాళ్ళను తరిమేసేలా కనబడింది. ఆమె మనసు చివుక్కుమంది.

ఆ మర్నాడే బస్టాండు పక్కనున్న పళ్ళ ఆసుపత్రికి వెళ్ళింది.

"పై ఆరు పళ్ళకూ పల్చటి పింగాణీ పెంకులు అంటిస్తారండి. వెనీర్లంటారు. రెండుసార్లు వస్తే అయిపోతుంది. ఈ వారం తగ్గింపు కూడా ఉంది" అంది కౌంటరులో అమ్మాయి.

తాయారు మారుమాట లేకుండా సరేనంది. ఎంబ్రాయిడరీ మిషను కొనడానికి దాచుకున్న డబ్బులోంచి బయానా కట్టి వచ్చేసింది.

రెండురోజుల తర్వాత సీతారత్నంగారు జాకెట్టు సరిచూసుకోవడానికి వచ్చారు. ఆవిడ తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. తాయారు సంబరంగా తన పళ్ళ సంగతి చెప్పింది.

"పెంకు అంటించడానికి పన్ను అరగదీస్తారా?" అని అడిగారావిడ.

"అడగలేదండి, పిన్నిగారూ."

"ఎన్నేళ్ళుంటాయి?"

"అదీ అడగలేదండి."

"మధ్యలో విరిగితే?"

తాయారు చేతిలోని టేపును చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"డెబ్బై ఏళ్ళదాన్ని, నా జాకెట్టుకి పదకొండు ప్రశ్నలడిగావు. నేను లెక్కపెట్టాను. నీ సొంత పళ్ళకి ఒక్కటీ అడగలేదా?" అన్నారు సీతారత్నంగారు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది తాయారు పని. ఆవిడ మీద కాస్త కోపం కూడా వచ్చింది, నిజం చెప్పినందుకు.

అనుకున్న రోజున ఆసుపత్రి కుర్చీలో కూర్చోగానే, "డాక్టరుగారూ, పన్ను అరగదీస్తారా?" అని అడిగింది.

డాక్టరు ఒక యువతి. చేతిలోని పనిముట్టు పక్కన పెట్టి, దాపరికం లేకుండా చెప్పింది. "పైపొర కొంత తీయాల్సి వస్తుందండి. అది మళ్ళీ పెరగదు. కొందరికి చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. పెంకులు పదేళ్ళో పదిహేనేళ్ళో ఉంటాయి. తర్వాత మార్చుకోవాలి, మళ్ళీ ఖర్చే."

"అయితే, కచ్చా కుట్టు లాంటిదేమైనా వేసి చూపిస్తారా?"

డాక్టరుకు అర్థం కాలేదు. తాయారు తన పద్ధతి వివరించాక నవ్వింది. "ఉందండి. పన్ను అరగదీయకుండా, పంటి రంగు ముద్ద పైన అద్ది చూపిస్తాను. నచ్చకపోతే తీసేస్తాను."

కాసేపటికి తాయారు అద్దంలో చూసుకుంది. ఆరు పళ్ళూ తెల్లగా, వరసగా ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, ఆమెకు చాలా నచ్చాయి. ఇక వీటినే ఖాయం చేయమని చెప్పబోయింది. అంతలో తన పైటంచున ఊగుతున్న దారప్పోగు కంటబడింది. దర్జీ ప్రాణం ఊరుకుంటుందా? వంగి పుటుక్కున కొరికింది.

టక్కుమంది. దారం తెగలేదు. అరచేతిలో తెల్లటి ముక్క పడింది.

డాక్టరు ఆ ముక్కను చూసి, "అసలు పెంకులు దీనికన్నా గట్టివే. కానీ మీరు రోజుకు ఎన్నిసార్లు ఇలా కొరుకుతారు?" అంది.

"పెళ్ళిళ్ళ రోజుల్లో వందకు తక్కువుండదండి."

"అయితే అవీ ఎక్కువకాలం నిలవవు."

తాయారు ఆ ముక్కను వేళ్ళ మధ్య తిప్పి చూసింది. ఇదే అసలు పెంకు అయివుంటే, దాని కింద తన పన్ను ఈపాటికే అరిగిపోయి ఉండేది. దాన్ని ఏ దారంతో అతకాలి?

ఆమె పెంకులు వద్దంది. డాక్టరు పళ్ళు శుభ్రం చేసి మరకలు వదిలించింది. నొక్కు పడిన చోట చిన్న పూత పెట్టింది. లోపల ఒక దవడ పన్ను పుచ్చిపోతుంటే దాన్ని కూడా బాగుచేసింది. తాయారు ఇన్నాళ్ళూ దాన్ని పట్టించుకోనేలేదు. వీటన్నిటికీ బయానాయే సరిపోయింది.

"ఎగుడు పన్ను సంగతేం చేద్దాం?" అంది డాక్టరు.

"ఉండనివ్వండి. ముందు దారం కొరకడం మానతాను. అప్పటికీ మనసు లాగితే మళ్ళీ వచ్చి అడుగుతాను" అంది తాయారు.

ఆ రోజునుంచి చిన్న కత్తెర ఒకటి మెడలో వేలాడదీసుకుంది. మొదట్లో అలవాటున తల వంగేది, కత్తెర గడ్డానికి తగిలి గుర్తుచేసేది. నెల తిరిగేసరికి ఎంబ్రాయిడరీ మిషను కూడా వచ్చింది. కొత్త కొట్టు ముందు కొత్త ఫ్లెక్సీ లేచింది. అందులో తాయారు చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, ఎగుడు పన్ను కనబడేలా నవ్వుతోంది.

సీతారత్నంగారు దాని ముందు నిలబడి కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇప్పుడు నువ్వు నువ్వులా ఉన్నావు, తాయారూ. రేపు మా కోడలి జాకెట్టు కూడా తెస్తాను" అన్నారు.

అందంగా కనబడాలనుకోవడం తప్పు కాదు. కానీ పోతే తిరిగిరాని దాన్ని వదులుకునే ముందు లాభమెంతో, నష్టమెంతో నోరు తెరిచి అడిగి తెలుసుకోవాలి.