కుంకం చీటీ

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పేట ఉండేదే అమ్మడూ. చేపల వేటకెళ్ళేవాళ్ళ పేట. అక్కడ కొర్లమ్మ అని ఒక ముసలమ్మ. ఓనమాలు రావు, సంతకమంటే వేలిముద్రే. కానీ చేప కన్ను చూసి, ఎప్పుడు పట్టారో చెప్పేసేది. అంత గట్టి మనిషి.

పేట మధ్యలో నీళ్ళ ట్యాంకు. అది కట్టేటప్పుడు ఇసక మోసింది కొర్లమ్మ. పనయ్యాక సర్పంచి సన్యాసినాయుడు ఊరందరికీ భోజనాలు పెట్టాడు. ఇసక మోసిన ఆడాళ్ళని మాత్రం పిలవలేదు. పదకొండేళ్ళయినా ఆవిడ మర్చిపోలేదు. ఎందుకు మర్చిపోవాలి? నేనైనా మర్చిపోను.

ట్యాంకుకి అప్పట్లో వేసిన ఎర్రరంగు ఉప్పుగాలికి వెలిసిపోయింది. కొర్లమ్మ కొడుకు ఎరకయ్య నడిసముద్రంలో ఆ ట్యాంకునే గురుతు పెట్టుకుని పడవ తిప్పేవాడు. ఒక ముసురు రోజున అది కనపడక, ఉత్తరాన రాళ్ళ మీదకి పోబోయాడు. వెంట్రుకవాసిలో బతికాడు.

అప్పుడు సర్పంచి టముకు వేయించాడు. ట్యాంకుకి కొత్తరంగు వేస్తాం, ఏ రంగు కావాలో ఇంటికొక చీటీ రాసి డబ్బాలో వెయ్యండి అని.

రాయడం రాని కొర్లమ్మ ఏం చేసిందనుకున్నావ్? దేవుడి గూట్లో కుంకం తీసి చీటీ నిండా పులిమి వేసింది.

ఆ తర్వాత పంచాయతీ అరుగు మీద చీటీలు విప్పారు. కుర్రాళ్ళందరిదీ నీలం. బడి మేష్టారిది తెలుపు. సర్పంచి కుంకం చీటీ తీసి చెయ్యి దులుపుకున్నాడు.

"ఇందులో అక్షరం ముక్క లేదు. ఇది చెల్లదు. నీలమే ఖాయం."

కొర్లమ్మ నెత్తి మీది తట్ట దించింది. "ట్యాంకు కింద కూచుని రంగు చూస్తావేటి నాయుడా? నా కొడుకు చూసే చోటికొచ్చి చూడు."

"నాకు పడవ పడదు కొర్లమ్మా."

"వాంతయితే సముద్రం ఏమీ అనుకోదులే. ఎక్కు!"

అందరూ పకపకా నవ్వారు. సర్పంచికి ఒప్పుకోక తప్పలేదు.

అప్పుడు కొర్లమ్మ ఇంటింటికీ తిరిగి చీరలు తెచ్చింది. నీలంవి ఒక పక్క, తెల్లవి ఒక పక్క, ఎర్రవి ఒక పక్క, ట్యాంకు పైకమ్మీకి సముద్రం వైపు కట్టించింది. ఎర్రవాటిలో ఆవిడ పెళ్ళిచీరా ఉంది.

మర్నాడు పొద్దున్నే సర్పంచినీ, నీలం రాసిన కుర్రాళ్ళనీ, మేష్టారినీ ఎక్కించుకుని ఎరకయ్య పడవ తోశాడు. మైలు దూరం పోయారో లేదో, నీలం చీరలు ఆకాశంలో కలిసిపోయాయి. ఇంకా లోపలికి పోతే తెల్లవి మబ్బులో కలిసిపోయాయి. సర్పంచి అప్పటికి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు పాపం. మూడోసారి నోరు కడుక్కుని తలెత్తితే ఊరు లేదు, చెట్టు లేదు. ఎర్రచీరలు మాత్రం బొట్టులా నిలబడి ఉన్నాయి.

"రోజూ దీన్ని చూసేనా ఎరకయ్యా, ఇంటికొస్తావు?"

"ఇంకేటుంది బాబూ చూడ్డానికి?"

సర్పంచి ఒడ్డుకి దిగాక తిన్నగా అరుగెక్కి, కుంకం చీటీ వెతికి తీసి పైకెత్తాడు. "చెల్లిన చీటీ ఇది," అన్నాడు. ఎరుపుకే సరేనని కుర్రాళ్ళే ముందు చేతులెత్తారు.

ఆ తర్వాత ట్యాంకు ఎర్రగా మెరిసింది. మళ్ళీ భోజనాలు. ఈసారి సర్పంచి కొర్లమ్మ గుమ్మం దాకా తనే వచ్చి పిలిచాడు. ఆవిడ వెళ్ళి మొదటి వరసలో కూచుంది.

"ఎలా ఉంది కొర్లమ్మా?"

"పప్పులో ఉప్పు తగ్గింది. పదకొండేళ్ళు ఆలస్యమూ అయింది," అని మారు వడ్డించుకుంది.

మళ్ళీ ముసురు పట్టింది. ఒడ్డున కొర్లమ్మ ఎదురుచూస్తూ నుంచుంది. ఎరకయ్య పడవ అటూ ఇటూ పోకుండా, దారం కట్టి లాగినట్టు తిన్నగా ఆవిడ కాళ్ళ దగ్గరికొచ్చి ఆగింది.

పడవేమో ఒడ్డుకి,
కథేమో కంచికి,
కళ్ళు మూసి నువ్వేమో
కమ్మటి నిద్దరకి.