కడిగిన ద్రాక్ష

రాయప్ప గురువుగారిని ప్రశ్న అడిగామంటే పని నెత్తిన వేసుకున్నట్టే. మా చర్చి విచారణలోని ఊళ్ళన్నిటా ఆ సంగతి అందరికీ తెలుసు. గురుపట్టం పొంది ఫాదర్ అయ్యే ముందు ఏడాది ఆయన దగ్గర ఉండడానికి వచ్చిన బ్రదర్ బాలశౌరికి మాత్రం తెలియదు. అడిగేశాడు.

"ఫాదర్, ఈ ఏడు పట్టం తీసుకోనని బిషప్ గారికి చెప్పేస్తాను. మొన్న మన హాస్టల్లో పిల్లల బియ్యం ఇంటికి మోసుకుపోతున్న వంటవాణ్ణి కాలరు పట్టుకుని గోడకు నొక్కేశాను. ఇంత కోపం ఉన్నవాడు బలిపీఠం దగ్గర నిలబడవచ్చా? ముందు దీన్ని కడుక్కోవద్దా?"

గురువుగారు లేచి లోపలికి వెళ్ళారు. పూజ కోసం ఏటా తానే చేసుకునే ద్రాక్షారసం చిన్న గ్లాసులో తెచ్చి ఇచ్చారు. అంతా పెరటి పందిరి నల్లద్రాక్షే; అందులో చక్కెర లేదు, రంగు లేదు, వడకట్టనైనా లేదు. బాలశౌరి ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. రసం మబ్బుగా ఉంది. నాలుక మీద నేరేడుపండు తిన్నంత వగరు, దాని వెనక తడిసిన మట్టి వాసన.

"పట్నంలో ఇచ్చేది తేటగా, తీయగా ఉంటుంది ఫాదర్."

"అలాగా! అయితే ఈసారి నువ్వే చెయ్యి. రసం తయారయ్యాక వెళ్దువుగాని బిషప్ గారి దగ్గరికి."

బాలశౌరి ఏ పనైనా భక్తిగా చేసే మనిషి. పళ్ళ మీద బూడిదలాంటి తెల్లపొర చూడగానే ఆ మట్టి వాసన ఎక్కడిదో తెలిసిపోయిందనుకున్నాడు. బలిపీఠం మీదికి వెళ్ళేది కదా అని గుత్తులు ఉప్పూ పసుపూ వేసిన నీళ్ళలో నానబెట్టి, పైన మరిగే నీళ్ళు పోసి, ఒక్కొక్క పండూ కొత్త గుడ్డతో తుడిచాడు. నలిపి జాడీకెత్తి మూతికి గుడ్డతో వాసెన కట్టాడు. గురువుగారు అదే పందిరి పళ్ళను దుమ్ము దులిపి, చేత్తో చిదిమి పక్క జాడీలో వేసి ఊరుకున్నారు.

రెండు మూడు రోజులకే గురువుగారి జాడీ పొంగింది. చెవి ఆనిస్తే లోపల బుసబుసలు. బాలశౌరి జాడీ ఉలకదు, పలకదు. వారం తిరిగేసరికి దాని మీద పచ్చటి బూజు కట్టింది. పాపం, అంత శ్రద్ధా బూడిదలో పోసిన పన్నీరైంది. తన చెయ్యి తగిలిందేదీ పీఠానికి పనికిరాదని అతను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"నేనేం తప్పు చేశాను ఫాదర్?"

"తప్పేముంది? శుభ్రంగా కడిగావు. రసాన్ని పులియబెట్టి పొంగించేది ఆ తెల్లపొరే."

వానలు వెనకబట్టాక గురువుగారు తన జాడీలోంచి ఒక గ్లాసు ఇచ్చారు. అదే మబ్బు, అదే వగరు. బాలశౌరి ఈసారి మొహం చిట్లించలేదు. నిదానంగా రెండో గుక్క కూడా తాగాడు. మింగిన చాలాసేపటికి వగరు వెనక నుంచి పండు రుచి తేలింది. గ్లాసు కింద పెట్టడానికి మనసొప్పలేదు.

"హాస్టల్లో పిల్లలకిప్పుడు కడుపునిండా పెడుతున్నారా?" అని అడిగారు గురువుగారు.

"పెడుతున్నారు ఫాదర్."

"ఇకమీదట కాలరు పట్టుకునే ముందు నన్నొక కేక వెయ్యి." ఆయన జాడీకి మళ్ళీ వాసెన కట్టారు. "నీ పట్టం పూజకు దీన్నే తీసుకెళదాం. వడకట్టకు."