నూతి తాడు కట్టిన కొబ్బరి చెట్టు

దుప్పటి సరిగ్గా కప్పుకో అమ్మడూ. ఈ పూట నీ గదిలో కాదు, ఇక్కడే వీధి గదిలో నా పక్కన. ఎందుకని అడగకు. మన నూతికి చేద తాడు ఎందుకు లేదని కూడా అడగకు. పొద్దుట్నుంచీ పక్కింటి నూతి నీళ్ళు మోసి నా నడుం పడిపోయింది. కథ చెప్తాను, ఊఁ కొడుతూ ఉండు. కొంచెం గట్టిగానే చెప్తాను. అరుగు మీద పడుకున్న మీ తాతయ్యకి చెవుడు వచ్చిందేమోనని ఈమధ్య నాకు అనుమానంగా ఉంది.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి సంగతి మనకెందుకులే, ఒక పెరట్లో ఒక కొబ్బరి చెట్టు. ఆ ఇంటాయన పేరు ఏడుకొండలు. ఆయన పుట్టిన రోజునే వాళ్ళమ్మ తన చేత్తో ఆ మొక్క నాటింది. ఆ ఊళ్ళో కొడుకు పుడితే అలా నాటేవారు. ఆడపిల్ల పుడితే నాటేవారు కాదు, అదో తిక్క. "ఈ చెట్టూ నువ్వూ కవలలురా, దీన్ని కొడితే నిన్ను కొట్టినట్టే" అని చెప్పీ చెప్పీ ఆవిడ కాలం చేసింది.

చెట్టు పెరిగింది, ఈయనా పెరిగాడు. చెట్టు కాయలిచ్చింది. ఈయన ఏమిచ్చాడో ఇంకోరోజు చెప్తాను.

ఇద్దరికీ అరవై ఏళ్ళు వచ్చేసరికి చెట్టుకి పురుగు పట్టింది. నెత్తిన చిగురేసే మొవ్వు ఎండింది, మట్టలు ఒక్కొక్కటే రాలిపోయాయి. పొడుగాటి మానొక్కటీ మిగిలి ఇంటి వైపుకి ఒరిగింది. సరిగ్గా దాని కిందే పెంకుల గది. ఆ గదిలో వాళ్ళ మనవరాలు పడుకుంటుంది. నీ అంత పిల్ల.

ఇంటావిడ పేరు పల్లాలమ్మ. పాపం ఓపికమంతురాలు. మొదట మెల్లగానే చెప్పింది. "ఏవండీ, ఆ చెట్టు కొట్టించండి. పిల్ల పడుకునే గది." అప్పుడు ఏడుకొండలు ఏం చేశాడు? చెట్టుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. కొబ్బరి చెట్టుకే కొబ్బరికాయ. అదీ కొట్లో కొన్న కాయ.

ఆ తర్వాత గాలి వేసింది. చెట్టు ఇంకో జానెడు ఒరిగింది. పల్లాలమ్మ మళ్ళీ చెప్పింది, ఈసారి కాస్త గట్టిగా. అప్పుడాయన రెండు వెదురు బొంగులు తెచ్చి చెట్టు పడకుండా దన్నుగా పోటు పెట్టాడు. మర్నాడు గేదెకి వీపు దురద పెట్టి ఆ బొంగుకేసి రాసుకుంది. బొంగులు రెండూ వెళ్ళి ఆనపపాదు మీద పడ్డాయి. పిందెలతో ఉన్న పాదు, నాశనమైపోయింది.

మూడోసారి పల్లాలమ్మ అన్నం గిన్నె చప్పుడయ్యేలా పెట్టి మరీ చెప్పింది. అప్పుడు ఆ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? నూతి దగ్గరికెళ్ళి చేద తాడు విప్పుకొచ్చాడు. ఒక కొస చెట్టుకి కట్టాడు. రెండో కొస వసారా స్తంభానికి కట్టాడు. చెట్టు ఏ ఇంటి మీద పడబోతోందో ఆ ఇంటికే కట్టాడమ్మా. కట్టి, చేతులు దులుపుకుని, "ఇంక పడదు" అన్నాడు.

ఏం చెప్పమంటావు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది ఆవిడ పని. పిల్లని ఆ గదిలోంచి తీసుకొచ్చి తన పక్కన పడుకోబెట్టుకుంది. పడుకోబెట్టుకుందన్న మాటే గానీ కంటి మీద కునుకు లేదు. ఆకు కదిలితే లేచి కూర్చునేది.

తెల్లారాక తనే వెళ్ళి నూకరాజుని పిలుచుకొచ్చింది. నూకరాజంటే ఊళ్ళో చెట్లెక్కి కాయలు దింపే మనిషి. అతను కత్తి వెనక వైపుతో మాను మీద మూడు చోట్ల కొట్టి చూశాడు. మూడు చోట్లా డొల్ల చప్పుడే.

"ఇది నేనెక్కను బాబుగారూ. సగం ఎక్కేసరికి నాతోపాటు కిందకొస్తుంది" అన్నాడు. "నా మాట నమ్మకపోతే చెవి పెట్టి వినండి."

ఏడుకొండలు మానుకి చెవి ఆనించాడు. లోపల పురుగులు కరకరా నములుతున్నాయి. ఆయన చాలాసేపు చెవి తియ్యలేదు. తీశాక కళ్ళు తుడుచుకుని, "మా అమ్మ చేత్తో నాటింది నూకరాజూ" అన్నాడు.

"అమ్మగారు నాటింది మీ ఇంట్లో పిల్లలు కాయలు తినాలని బాబూ. పిల్ల మీద పడాలని కాదు కదా."

ఏడుకొండలు కొట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పల్లాలమ్మే కొట్టమంది.

అప్పుడు నూకరాజు పని ఎలా చేశాడో విను. వినాల్సిన వాళ్ళందరూ వినాలి. కరెంటు వాళ్ళకి చెప్పి పెరటి పక్కగా పోయే తీగలో కరెంటు ఆపించాడు. గేదెని, కోళ్ళని, పిల్లని, అందరికంటే ముందు ఏడుకొండల్ని, వీధిలోకి పంపేశాడు. పక్కనున్న గట్టి చెట్టెక్కి, పొడుగు గెడతో ఈ చెట్టు పైభాగానికి లావుపాటి మోకు వేసి బిగించాడు. అది బిగిశాకే నూతి తాడు విప్పాడు. చెట్టుకి అవతల, ఇల్లు లేని వైపు ఖాళీ దొడ్లో ఎనిమిది మంది మోకు పట్టుకుని, చెట్టు పొడుగు కంటే దూరంగా నిలబడ్డారు. ముందు దొడ్డి వైపు లోతుగా గాటు పెట్టాడు, ఆ తర్వాత వెనక నుంచి రంపంతో కోశాడు. లాగండన్నాడు. లాగారు.

ఎక్కడ పడాలో అక్కడే పడింది. పెంకు ఒక్కటి కూడా కదల్లేదు. మాను పగిలితే లోపల పిప్పి తప్ప ఇంకేమీ లేదు. అలాంటిదాన్ని నమ్ముకుని కాపురం చేశారన్నమాట ఇన్నాళ్ళూ.

ఆ తర్వాత ఇంటి గోడకి దూరంగా, దొడ్డి చివర, ఇంకో కొబ్బరి మొక్క నాటారు. ఈసారి మనవరాలి పేరున. ఊళ్ళో వాళ్ళు నవ్వితే పల్లాలమ్మ నవ్వుకోమంది.

"మరి... అతనికేమీ కాలేదా?"

అదిగో, అరుగు మీంచి గొంతు లేచింది. చెవుడు లేదన్నమాట. నేను మీతో చెప్పట్లేదండీ, పిల్లకి చెప్తున్నాను.

"పిల్ల ఎప్పుడో నిద్రపోయిందే. చెప్పు. చెట్టు కొట్టేశాక ఏడుకొండలుకి ఏమీ కాలేదా?"

ఓరి భగవంతుడా. ఇదా మీ భయం? పసుపనీ, బొంగులనీ, తాడనీ నన్ను కాల్చుకు తింటుంటే మొండితనం అనుకున్నాను. అరవై ఏళ్ళుగా మీ అమ్మ మాట గుండెల్లో పెట్టుకుని భయపడుతూ, ఒక్కరోజైనా నాతో చెప్పొచ్చు కదండీ. నేనేం పరాయిదాన్నా?

ఏమీ కాలేదు. నూరేళ్ళు బతికాడు. నూరేళ్ళూ పెళ్ళాం ప్రాణం తీశాడు.

"అయితే రేపు పొద్దున్నే నూకరాజుకి కబురు పెట్టు."

సాయంత్రమే పెట్టాను. తెల్లారేసరికి వస్తాడు. మీరు మాత్రం ఆ అరుగు దిగొద్దు.

నువ్వు పడుకో నా బంగారం. కథేమో కంచికి, తాడేమో నూతికి, తాతేమో దారికి, మనమేమో నిద్దరకి.