దాలమ్మ చుట్టిల్లు

వినండమ్మా, వినండయ్యా. సముద్రం ఇప్పుడున్న చోటికి రెండు కేకల దూరం అవతల ఉండే రోజుల మాట ఇది. అప్పుడు ఏ రాజు ఏలాడో నాకు తెలీదు. మా అమ్మమ్మకీ తెలీదు. దాలమ్మ మాత్రం అందరికీ తెలుసు.

దాలమ్మ ఇసకపాలెంలో ఎండుచేపలు అమ్ముకునే మనిషి. మొగుడు సముద్రంలోకి చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. ఆమెకు మిగిలింది ఒక గంప, ఒక అత్త. అత్త పేరు గున్నమ్మ. చూపు మందగించింది గానీ నోరు మందగించలేదు. అత్తాకోడళ్లిద్దరూ గున్నమ్మ పెద్దకొడుకు ఎర్రన్న ఇంటి చూరు కింద తలదాచుకునేవాళ్లు. ఎర్రన్న చెడ్డవాడు కాడు. ఇల్లే ఇరుకు. లోపలంతా పిల్లలు, వలలు, తెడ్లు. చూరు కింద మిగిలిన జానెడు జాగాలో గున్నమ్మ మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని పడుకునేది.

ఒక వానాకాలం పొద్దున గున్నమ్మ లేవబోయింది. కాళ్లు రాలేదు. బిగుసుకుపోయాయి. దాలమ్మ నూనె రాసి కాళ్లు పడుతుంటే ముసలమ్మ అంది: "ఒలే దాలీ, సచ్చాక ఎలాగూ బారుగా పడుకోబెడతారు. బతికుండగా ఒక్కపాలి కాళ్లు సాపుకోవాలనుందే."

దాలమ్మ చేతులు ఆగిపోయాయి. లేచి నిలబడింది.

"ఇల్లు కడదాం అత్తా."

"ఎవరు కడతారే?"

"నాను."

"ఎప్పుడే?"

"ఇయ్యాలే!"

మాట పాలెమంతా పాకింది. ఎర్రన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏటి దాలమ్మా, ఇల్లంటే ఎండుసేప అనుకున్నావేటి, ఇసకలో పరిసేస్తే అయిపోడానికి?"

దాలమ్మ వినిపించుకోలేదు. నీళ్లు దగ్గరగా ఉంటాయని వాగు పక్కన జాగా చూసుకుంది. మట్టి తవ్వింది, తడిపింది, గోడ పెట్టింది. గోడ నడుమెత్తు లేచింది. వాన వచ్చింది. గోడ కూర్చుండిపోయింది.

జనం నవ్వారు. దాలమ్మ నడుము మీద చేతులు వేసుకుంది. "పడితే పడింది. ఎందుకు పడిందో సూద్దాం."

వంగి చేత్తో తడిమింది. గోడ పైన పొడిగా ఉంది, అడుగున నానిపోయి ఉంది. "నీళ్లు నాకు దగ్గరనుకున్నాను అత్తా. నానే నీళ్లకి దగ్గరైపోనాను!"

మళ్లీ వాన పడిన రోజు అందరూ ఇళ్లలో దూరితే ఆమె తాటాకు గొడుగేసుకుని ఊరంతా తిరిగింది. ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయి, ఎక్కణ్నించి జారిపోతున్నాయి, అదే చూసింది. మొగలి పొదల వెనక ఒక దిబ్బ ఉంది. దాని మీద చినుకు పడ్డది పడ్డట్టే దిగిపోతోంది. దాలమ్మ వానలోనే గంతేసింది.

దిబ్బ మీద రెండో ఇల్లు మొదలుపెట్టింది. ఉత్సాహం ఎక్కువైపోయింది. పొద్దున మొదలుపెట్టిన గోడ పొద్దు వాలేసరికి తలెత్తు లేచింది. గున్నమ్మను నడిపించుకొచ్చి "సూడత్తా!" అంటుండగానే గోడకి పొట్ట వచ్చింది. పొట్ట వచ్చిందా, నెర్రె విచ్చిందా, దబ్బుమని కూలిందా, అన్నీ ఒక్క ఊపిరిలో!

జనం మరీ నవ్వారు. దాలమ్మ ముఖాన చిందిన మట్టి తుడుచుకుంది. "పడితే పడింది. ఎందుకు పడిందో సూద్దాం."

ఈసారి చూసింది గున్నమ్మ, వేళ్లతో. మట్టిపెళ్లని నలిపింది. "కింద పొర ఇంకా పచ్చిగానే ఉందే. పచ్చి పిడక మీద పిడక మీద పిడక పెడితే ఏటౌద్ది? పైగా ఈ మట్టిలో నార లేదు, గడ్డి లేదు. దేన్ని పట్టుకుని నిలబడుద్ది?"

అలా తెలిసింది. బంకమట్టిలో గడ్డి నరికి కలపాలి. ఊక కలపాలి. తొక్కి, పులవనిచ్చి, మళ్లీ తొక్కాలి. గోడని మూరెడే పెట్టాలి. అది ఆరాక ఇంకో మూర. అదీ ఆరాక ఇంకో మూర.

మూడో ఇంటికి మట్టి పులుస్తుండగా ఒకరోజు సముద్రపు గాలి జోరుగా లేచింది. చేపలు ఆరబెట్టిన చాపలు ఎగిరిపోయాయి. తట్టలు దొర్లిపోయాయి. బోర్లించిన గంప ఒక్కటే ఉన్నచోటే ఉంది. గాలి దాని చుట్టూ జారిపోతోంది. పట్టుకుందామంటే గాలికి మూల దొరకడం లేదు.

దాలమ్మ కేక పెట్టింది. "అత్తా! గంప! మనిల్లు గంప!"

"నీకు పిచ్చెక్కిందే!" అంది గున్నమ్మ. అయినా కోడలు లాక్కెళితే దిబ్బ మీదికి వెళ్లింది.

"పడుకో అత్తా. కాళ్లు బాగా సాపు."

ముసలమ్మ వెల్లకిలా పడుకుంది. ఆమె తల దగ్గర దాలమ్మ గూటం పాతింది. గూటానికి తాడు కట్టింది. అత్త కాలివేళ్ల దాకా తాడు సాగదీసి, ఇంకో మూర కలిపి, ఆ తాడు పట్టుకుని చుట్టూ తిరిగింది. ఇసకలో గుండ్రటి గీత పడింది. ఆ గీతే గోడ. అత్త కాళ్లు చాపుకుంటే ఎటూ గోడ తగలని ఇల్లు!

దాలమ్మతో చేపలమ్మే ఆడవాళ్లు నవ్వుదామనే వచ్చారు. గీత మధ్యలో ముసలమ్మ దర్జాగా పడుకుని ఉంటే చూసి నవ్వు మరిచిపోయారు. ఒకామె చీర ఎగ్గట్టి మట్టిలోకి దిగింది. రెండో ఆమె దిగింది. ఆ తర్వాత ఎవరు దిగారో, ఎవరు దిగలేదో ఎవరూ చూడలేదు. తొక్కుతున్నారు, పాడుతున్నారు, ఒకళ్ల మీద ఒకళ్లు మట్టి చిమ్ముకుంటున్నారు.

మూరెడు గోడ, ఆరింది. ఇంకో మూర, ఆరింది. ఇంకో మూర, అదీ ఆరింది. గోడ లోపలి వైపు చుట్టూ అరుగు తీశారు. దీపానికి గూడు, పొయ్యికి మూల కాని మూల, పైన ఎండుచేపలకి అటక. తాటాకు కప్పుని నేలకి మోకాలెత్తు దాకా దించి కట్టారు, గాలి దాని కింద చేతులు పెట్టి లేపకుండా. ద్వారం చిన్నది, వంగి దూరాలి. సముద్రానికి వీపు చేసి పడమటికి పెట్టారు. పేడతో అలికారు.

గున్నమ్మ లోపలికి వెళ్లి పడుకుంది. కుడికాలు చాపింది. ఎడమకాలు చాపింది. రెండు పాదాలూ అటూ ఇటూ ఆడించింది. ఎటూ గోడ తగల్లేదు.

పంటకోతల ముందు ఒక పొద్దున ఆకాశం రాగి రంగుకి తిరిగింది. కొంగలు ఊళ్లోకి వచ్చేశాయి. గాలి మొదట ఈల వేసింది, తర్వాత అరిచింది, తర్వాత ఊడబెరకడం మొదలుపెట్టింది. మూలలున్న ఇళ్లకి మూల పట్టుకుని లాగింది. ఎర్రన్న ఇంటి కప్పు లేచిపోయి పడవలా పొలాల వైపు వెళ్లిపోయింది!

దాలమ్మ ద్వారంలో మోకాళ్ల మీద కూర్చుని అరిచింది. "రండి! సోటుంది! రండి!"

చేపలమ్మే ఆడవాళ్లు వచ్చారు. చంటిపిల్లల తల్లులు వచ్చారు. మగవాళ్లు మేకలతో సహా వచ్చారు. లోపల కూర్చునే వీలు లేదు, అందరూ నిలబడ్డారు. "నిండిపోనాది దాలమ్మా!" అని ఎవరో అన్నారు.

"ఇంకొకరికి సోటుంది! రండి!"

ఎర్రన్న పిల్లలు దూరారు. పెళ్లాం దూరింది. ఎర్రన్న తల పెట్టాడు, భుజాలు ఇరుక్కున్నాయి. బయట గాలి కాళ్లు లాగుతోంది, లోపల దాలమ్మ చేతులు లాగుతోంది. "ఊపిరి వదులు బావా!" ఊపిరి వదిలాడు. ఊడి లోపల పడ్డాడు!

"గోడకి వీపులానించండి!" అంది దాలమ్మ. అందరూ అరుగెక్కి గుండ్రంగా నిలబడి వీపులు ఆనించారు. బయటి నుంచి గాలి తోస్తోంది, లోపల్నుంచి మనుషులు తోస్తున్నారు. గోడ గుండె కొట్టుకున్నట్టు అదిరింది. నిలబడింది.

ఒక్కసారిగా గాలి ఆగిపోయింది. ఎండ కూడా వచ్చింది. "అయిపోనాది!" అంటూ జనం ద్వారం వైపు కదిలారు.

"కదలకండెహే!" గున్నమ్మ అరిచింది. "నా సిన్నతనంలో ఇలాగే ఆగింది. ఆగిందని బయటికెళ్లినోళ్లు మళ్లీ రాలేదు. ఇప్పుడు అది వెనక్కి తిరిగొస్తాది. ఇటేపు నుంచి."

ఇటువైపు అంటే పడమర. ద్వారం ఉన్న వైపు.

దాలమ్మ ద్వారం వైపు దూకింది. ద్వారానికి ఉన్నది తాటాకు తడిక. గాలి లోపలికి దూరిందంటే కప్పుని కింద నుంచి లేపేస్తుంది. ఆమె తడిక పట్టుకుంది. ఆమె బలమెంత!

ఎర్రన్న లేచాడు. "తప్పుకో దాలమ్మా." తన వెడల్పాటి వీపు తడికకి ఆనించి, కాళ్లు నేలలో తన్నిపెట్టి కూర్చున్నాడు. దాలమ్మ అతని ఛాతీకి తన వీపు ఆనించింది. ఆమెకి ఇంకొకరు, వాళ్లకి ఇంకొకరు, అవతలి గోడ దాకా. అప్పుడు గాలి వచ్చి గుద్దింది. అందరూ ఒకేసారి "హైసా!" అన్నారు. అది మళ్లీ గుద్దింది. మళ్లీ "హైసా!" పొద్దు దిగేదాకా అదే పోరు. పసిపిల్లలు కూడా గొంతు కలిపారు.

గాలి అలిసిపోయింది. తడిక తీసి చూస్తే పాలెంలో మరో ఇల్లు లేదు. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు వంగి బయటికి వస్తూ, ఒకరినొకరు తడిమి చూసుకుంటూ, ఏడుస్తూ నవ్వారు. ఎర్రన్న చేతికి తగిలిన పార అందుకున్నాడు. "దాలమ్మా, మట్టి ఎక్కడ తవ్వాలో సూపించు!"

ఆ ఏడు ఇసకపాలెం అంతా దిబ్బ మీదికి ఎక్కింది. ఇళ్లన్నీ గుండ్రంగా లేచాయి. పక్క పాలేల వాళ్లు పిలిస్తే దాలమ్మ వెళ్లేది. గున్నమ్మ కాళ్లు చాపుకునే నిద్రలో వెళ్లిపోయింది. దాలమ్మ ముసలిదైపోయింది. ఒకరోజు ఎవరిదో గోడ దగ్గర మట్టికాళ్లతో గట్టు మీద కూర్చుని "ఈ పొర ఆరనీండి, తొందరపడకండి" అంది. అంతే. మళ్లీ లేవలేదు. వాళ్లు ఆ పొర ఆరేదాకా ఆగారు. ఆరాకే తర్వాతి మూర పెట్టారు.

ఇప్పటికీ ఆ తీరంలో చుట్టిల్లు కడితే పొయ్యి వెలిగించే ముందు ఊరివాళ్లందరూ లోపల దూరుతారు. గోడకి వీపులానించి గుండ్రంగా నిలబడతారు. ఇంటివాళ్లు బయట నిలబడి అడుగుతారు: "ఇంకొకరికి సోటుందా?" లోపలివాళ్లు ఇల్లదిరేలా "ఉంది! రండి!" అంటారు. ఒక్కొక్కరే దూరుతారు, అందరికంటే చివర ఇంటి ఇల్లాలు. ఆమె దూరాక అందరూ కలిసి "హైసా!" అని గోడని వీపులతో ఒక్క తోపు తోస్తారు.

ఆ వైపు వెళితే మీరూ వినొచ్చు. ఇల్లు పూర్తయిందా అని అక్కడ ఎవరూ అడగరు. "దాలమ్మ ఇల్లు నిండిందా?" అని అడుగుతారు.